మెదడు పొరల్లో శిలీంధ్రం: ఒంటరి మందు ఓడిపోయిన చరిత్ర

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ భయంతో యాంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్ల కోసం మన కుటుంబాలు ఊరూరా తిరిగిన సంగతి మీరు మరచి ఉండరు. ముక్కు నుంచి కంటికీ, మెదడుకూ పాకే ఆ శిలీంధ్రం ఫ్లూకోనజోల్ వంటి మాత్రలకు పుట్టుకతోనే లొంగదు. అయితే మందులకు లొంగుతూ లొంగుతూనే ఎదురుతిరిగే శిలీంధ్రం మరొకటి ఉన్నది. దాని పేరు క్రిప్టోకాకస్. నేటి వ్యాసం దాని గురించే.

పావురాల రెట్ట కలిసిన మట్టిలో పెరిగే ఈ సూక్ష్మజీవి గాలితో ఊపిరితిత్తులను చేరి, రోగనిరోధక శక్తి క్షీణించినవారిలో మెదడు పొరలకు వ్యాపిస్తుంది. తొలి లక్షణం వారాల తరబడి తగ్గని తలనొప్పి. దీనిని మానవ శరీరంలో 1894లో జర్మన్ వైద్యులు గుర్తించారు. ఆపై అర్ధశతాబ్దం పాటు సరైన మందే లేదు. మెదడుకు సోకితే మరణం దాదాపు తథ్యం.

1950లలో వెనిజులాలోని ఒరినోకో నదీ ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి యాంఫోటెరిసిన్ బి లభించింది. శిలీంధ్ర కణపు పొరకు అది రంధ్రాలు చేస్తుంది. మన మూత్రపిండాలనూ విడిచిపెట్టదు. సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది గనుక గ్లూకోజులోనే కలిపేవారము. సీసాకు నల్లకాగితం చుట్టేవారము. మందు ఎక్కుతుండగా వచ్చే చలివణుకుకు మంచమే ఊగిపోయేది.

1957లో క్యాన్సర్ కోసం తయారై, ఆ పనికి రాక, శిలీంధ్రాలపై పనిచేసిన మందు ఫ్లూసైటొసిన్. శిలీంధ్రమే దీనిని లోనికి తీసుకొని తనకు తానే విషంగా మార్చుకుంటుంది! కానీ ఆ మార్పిడి చేయలేని కణాలు కొన్ని ముందునుంచే ఉంటాయి. మందు ఒక్కటే ఇస్తే అవే మిగిలి, పెరిగి, కొద్ది వారాలలో మందును నిష్ప్రయోజనం చేస్తాయి. ఈ రెంటినీ జోడిస్తే ఫలితం మెరుగని 1979లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. క్షయ చికిత్స నేర్పిన పాఠమే ఇక్కడా వర్తించింది.

1990 ప్రాంతంలో ఫ్లూకోనజోల్ వచ్చింది. మాత్ర, మెదడు నీటిలోకి చక్కగా చేరుతుంది, మూత్రపిండాలకు ముప్పు తక్కువ. ఎయిడ్స్ విజృంభించిన ఆ కాలంలో పేద దేశాలు దాని ఒక్కదానిపైనే ఆధారపడ్డాయి. నేనూ ఆధారపడ్డాను. హెచ్ఐవీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వని రోజులవి. ఒక లారీ డ్రైవరు నెలరోజులు కోలుకొని, మాత్రలు మానకుండానే మళ్ళీ అదే తలనొప్పితో వచ్చాడు. ఇండియా ఇంకు కలిపి చూస్తే నల్లని పరదా మీద అవే తెల్లని వలయాలు. మా ఆసుపత్రిలో ఫ్లూసైటొసిన్ ఎన్నడూ లేదు. అతడు దక్కలేదు.

అందుకు కారణం తరువాత తెలిసింది. ఈ శిలీంధ్రపు కణాలలో కొన్ని తమ క్రోమోజోములకు అదనపు నకళ్ళు చేసుకొని ఫ్లూకోనజోల్‌ను తట్టుకుంటాయి. టాంజానియా రోగులపై 2019లో వెలువడిన అధ్యయనంలో, ఫ్లూకోనజోల్ ఒక్కటే తీసుకున్నవారిలో ఆ కణాలు పెరిగాయి. ఫ్లూసైటొసిన్ తోడైనవారిలో అణగిపోయాయి.

2022లో ఆఫ్రికాలోని అయిదు దేశాలలో జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. కొవ్వు బిందువులలో పొదిగిన యాంఫోటెరిసిన్‌ను తొలిరోజున ఒకేసారి అధిక మోతాదులో, కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, 14 రోజులు మిగతా రెండు మందుల మాత్రలూ ఇచ్చారు. పాత పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదు, దుష్ఫలితాలు తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది దానిని సిఫారసు చేసింది.

మందులతో పాటు మరొకటి అవసరం. ఈ జబ్బులో తలలో ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. వెన్ను నుంచి నీరు తీసి తగ్గించాలి, కొన్నిసార్లు రోజూ. "నీరు తీస్తే నడుము పడిపోతుంది డాక్టరుగారూ" అని చేతులు పట్టుకొని ఆపినవారు ఎందరో. ఆ లారీ డ్రైవరు భార్య కూడా మొదట ఒప్పుకోలేదు. రెండో రోజు ఒప్పుకున్నది. ఆ రాత్రి అతడు తలపట్టుకోకుండా నిద్రపోయాడు. ఆ నిద్ర అతడికి ఇవ్వగలిగాము; రెండో మందు ఇవ్వలేకపోయాము.