దవడలో టైటానియం: ఆ మూణ్ణెల్లు ఎందుకు?

ఇంప్లాంట్ అనగానే మనవాళ్ళు పళ్ళ డాక్టర్ని అడిగే మొదటి ప్రశ్న ఖర్చు గురించి, రెండోది "ఎన్నాళ్ళు పడుతుంది?". మొదటిదానికి జవాబు వింటే నోరు తెరుచుకుంటుంది (ఎలాగూ తెరవాల్సిందే), రెండోది వింటే చిరాకొస్తుంది. స్క్రూ బిగించడానికి గంట కూడా పట్టదు, దాని మీద పన్ను పెట్టడానికి మాత్రం మూణ్ణెల్ల తర్వాత రమ్మంటారు. ఈలోపు ఏం చేస్తారయ్యా అంటే, ఏమీ చెయ్యరు. స్ప్రింట్‌కి రెండు వారాలు లెక్కేసుకుని బతికే మనకి ఇది మింగుడుపడదు. కానీ ఆ ఖాళీ సమయం వెనక పెద్ద కథే ఉంది.

1952లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే ఆయన కుందేళ్ళ కాలి ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూస్తున్నాడు. చూడ్డానికి వీలుగా టైటానియంతో చేసిన చిన్న గొట్టంలాంటి పరికరాన్ని ఎముకలో అమర్చాడు. ప్రయోగం అయిపోయాక, ఖరీదైన సామాను కదా, తీసి మళ్ళీ వాడుకుందామనుకుంటే ఊడి రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది! (టైటానియం మనకీ కొత్తేం కాదు. భీమిలి తీరం ఇసకలో ఉండే ఇల్మెనైట్ దాని ముడిఖనిజమే.)

నిజం చెప్పాలంటే ఎముక టైటానియంకి అతుక్కుంటుందని ముందు చూసింది ఆయన కాదు. 1940లోనే జంతువుల మీద చేసిన ఒక ప్రయోగంలో ఈ మాట బయటపడింది. అక్కడితో ఆగిపోయింది. బ్రోనెమార్క్ గొప్పతనమల్లా దాన్ని పట్టుకుని వదలకపోవడం. కుందేళ్ళ తర్వాత కుక్కల మీద ఏళ్ళ తరబడి పరీక్షించి, 1965లో గానీ మనిషి నోటి జోలికి రాలేదు. మొదటి పేషెంటు గోస్టా లార్సన్. పుట్టుకతోనే అంగుడు చీలి, దవడ లోపాలతో, కింద పళ్ళు లేని మనిషి. ఆయన కింది దవడలో నాలుగు ఇంప్లాంట్లు పెట్టారు. 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళకి పైగా, అవి పనిచేశాయి.

అంతకుముందు ఇంప్లాంట్లు లేవా? ఉన్నాయి. 1940లలో ఇటలీలో ఫార్మిజీని మెలికల స్క్రూలు పెట్టాడు, 1960లలో అమెరికాలో లింకో పల్చటి బ్లేడులు దించాడు. కొందరికి ఏళ్ళ తరబడి నిలిచాయి కూడా. చాలామందికి మాత్రం లోహానికీ ఎముకకీ మధ్య మెత్తటి నారపొర పెరిగి, స్క్రూ వదులైపోయేది. ఆ పొర రావడం సహజమే అని అప్పటి పాఠ్యపుస్తకాలు ఒప్పేసుకున్నాయి. బగ్‌ని ఫీచర్ అనడం మన ఒక్క ఫీల్డులోనే లేదన్నమాట!

ఆ పొర రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి వేడి. డ్రిల్లింగులో ఎముక ఒక్క నిమిషం 47 డిగ్రీలు దాటినా దెబ్బతింటుందని 1983లో తేల్చారు. నెమ్మదిగా, సెలైన్ పోస్తూ డ్రిల్ చెయ్యడం అందుకే. రెండోది కదలిక. కొత్త ఎముక పట్టుకునేలోపు స్క్రూ మీద నమిలే బరువు పడి అది కదిలితే, ఎముక బదులు నార పెరుగుతుంది. అందుకే బ్రోనెమార్క్ స్క్రూని చిగురు కింద కప్పేసి, కింది దవడకి మూడు నెలలు, ఎముక కాస్త గుల్లగా ఉండే పై దవడకి ఆరు నెలలు ఆగమన్నాడు.

ఆయన పళ్ళ డాక్టరు కాదు, శరీరనిర్మాణ శాస్త్ర ప్రొఫెసరు. స్వీడన్ దంతవైద్యులు ఆయన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. నోరు మూయించింది వాదనలు కాదు, డేటా. 1981లో ఆయన బృందం 15 ఏళ్ళ లెక్కలు ప్రచురించింది: 371 మంది, 2768 ఇంప్లాంట్లు. అయిదు నుంచి తొమ్మిదేళ్ళు గమనించిన వాళ్ళలో పై దవడలో 81 శాతం, కింది దవడలో 91 శాతం స్థిరంగా ఉన్నాయి. పోయినవాటిని దాచకుండా చెప్పడం నాకు అన్నిటికంటే నచ్చింది. టొరంటోలో జార్జ్ జార్బ్ తన పేషెంట్ల మీద చేసి చూస్తే అక్కడా నిలిచాయి. 1982లో ఆయన టొరంటోలో పెట్టిన సదస్సు తర్వాత ఉత్తర అమెరికా నమ్మింది.

ఆ మూడూ ఆరూ అప్పటి జాగ్రత్త లెక్కలు. 1990ల చివర్లో గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లు వచ్చాక, ఎముక గట్టిగా ఉన్నవాళ్ళకి ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలంటున్నారు. ఎముక చాలక బోన్ గ్రాఫ్ట్ వెయ్యాల్సొస్తే ఇంకా నెలలు కలుస్తాయి. మా నాన్నగారికి కింద ఒక దంతానికి వేయించాం. షుగర్ అదుపులోకి వచ్చేదాకా డాక్టరు స్క్రూ ముట్టుకోలేదు. ఇంటికొచ్చేదాకా ఈయన విసుక్కుంటూనే ఉన్నారు, నాకు మాత్రం ఆ డాక్టరు మీద అక్కడే నమ్మకం కుదిరింది. తర్వాత రెండు మూడు రోజులు వాపు, వారం పాటు మెత్తటి అన్నం, అంతే. పెద్ద నొప్పేం లేదన్నారు. సిగరెట్టు తాగేవాళ్ళకి ఇంప్లాంటు ఊడే అవకాశం ఎక్కువ, ఈ విషయం డాక్టరు దగ్గర దాచకండి.

మరి హోర్డింగుల మీది "ఒక్కరోజులో పళ్ళు" అబద్ధమా? పూర్తిగా కాదు. నాలుగు ఇంప్లాంట్ల మీద ఒక వరస మొత్తం ఆరోజే బిగించే పద్ధతి పోర్చుగల్‌లో పావ్లో మాలో 1990లలో మొదలుపెట్టాడు. స్క్రూలు ఒకదానికొకటి కట్టేసినట్టుంటాయి కాబట్టి కదలవు. కానీ ఆరోజు పెట్టేవి మామూలుగా తాత్కాలికపు అక్రిలిక్ పళ్ళు, అసలువి నెలల తర్వాతే. మీకు చెప్పిన రేటులో ఆ రెండో సెట్టు కలిసి ఉందో లేదో అడ్వాన్సు కట్టేముందే అడగండి, కాగితం మీద రాయించుకోండి.