కల్లంగడి చరిత్ర: మన జిల్లా చూసిన నిషేధాలు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, వారు బహుశా గుడులూ గోపురాలూ, మదనపల్లె మహనీయులూ మనసులో పెట్టుకొని ఉంటారు. వాటి గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను కలికిరి వాడిని. ముప్ఫై ఏడేండ్లు గుమాస్తా పని చేసినవాడిని. ఫైళ్ళ మధ్య బతికినవాడికి చరిత్ర కూడా ఫైలు మాదిరే కనపడుతుంది. అందుకని ఎవరూ ముట్టని ఒక ఫైలు దుమ్ము దులుపుతున్నాను. అది కల్లంగడి ఫైలు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఈ వ్యాసం చదివి నన్ను కూడా అట్లా అనుకునేవారుంటే అనుకోనీండి. మద్యాన్ని పొగడడానికి ఇది రాయడం లేదు. మద్రాసు రాష్ట్రంలో చట్టం ద్వారా మద్యనిషేధం అమలైన జిల్లాల్లో మన చిత్తూరు జిల్లాది రెండో వరుస. అంత పెద్ద ప్రయోగం మన ఇండ్ల ముందర జరిగింది. దాని మంచిచెడ్డలు మన మనవళ్ళకు తెలియవు. అవి తెలియాలని రాస్తున్నాను.

కల్లు వేరు, సారా వేరు

మన వైపు కల్లంటే ఎక్కువగా ఈతకల్లు. వంకల వెంబడి, చెరువుల కింద, పొలం గట్ల మీద ఈతచెట్లు తమంతట తామే మొలుస్తాయి. గీసేవారు ఈడిగలు. కోస్తాలో శెట్టిబలిజలు, యాతలు, తెలంగాణలో గౌడులు ఇదే వృత్తివారు. నడుముకు మోకు, చేతిలో కత్తి, వెనక కుండ. మొవ్వుకు కొంచెం కింద మట్టలు కోసి, మానును చెక్కి, గాటు పెట్టి, చిన్న గొట్టం దిగేసి కుండ కడతారు. ఒక యేడు ఒక పక్క గీస్తే మరుసటి యేడు ఎదుటి పక్క గీస్తారు. పాత ఈతమాను మెట్లుమెట్లుగా కనిపించేది అందుకే. ఆ గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేండ్లు ఒక కుటుంబానికి కూడు పెట్టిందో తెలుస్తుంది.

తెల్లవారుజామున దించిన రసం తియ్యగా ఉంటుంది. అది నీరా. కుండ లోపల సున్నం పూస్తే అది పులియదు. సున్నం లేకపోతే గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దెక్కేకొద్దీ రసం నురగ కట్టి కల్లవుతుంది. మరునాటికి నోట పెట్టలేనంత పుల్లనవుతుంది. మంచి కల్లులో మత్తు పాలు నూటికి నాలుగైదు ఉంటుంది. అది ప్రాణమున్న పానీయం. నిలవ ఉండదు, దూరం పోదు. ఏ ఊరి కల్లు ఆ ఊరికే చెల్లు.

సారా అట్లా కాదు. బట్టీ పెట్టి కాచి దించేది. మత్తు కల్లుకు ఎన్నో రెట్లు. ఎన్నాళ్ళయినా చెడదు, లారీ ఎక్కి ఎంత దూరమైనా పోతుంది. కల్లు వేరు, సారా వేరు అన్న ఈ సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలని మనవి. తరువాతి కథంతా దీని మీదనే నడుస్తుంది.

ఆబ్కారీ రాబడి

తెల్లదొరల కాలంలో 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో ఈ వ్యవహారం పూర్తిగా సర్కారు చేతికి వచ్చింది. గీసే చెట్టుకు పన్ను, అమ్మే అంగడికి వేలం. చెట్టుకు నంబరు వేయాలి, పన్ను కట్టాలి, ఆ తరువాతే కత్తి పెట్టాలి. వేలంలో అంగడి పాడుకున్నవాడు షావుకారు. చెట్టెక్కేవాడు కూలివాడు. ఆ రెండు మాటల మధ్య దూరం ఆనాటి నుండి పెరుగుతూ పోయింది. భూమిశిస్తు తరువాత ప్రభుత్వానికి పెద్ద ఆదాయం ఆబ్కారీదే. గాంధీగారు 1921లో సహాయ నిరాకరణ నడిపినప్పుడు కల్లంగళ్ళ ముందు పికెటింగు పెట్టించడానికి ఇదొక కారణం. ఆ రోజుల్లోనే పెరియారు తన తోటలోని కొబ్బరిచెట్లను, కల్లుకు పనికి రాకూడదని, వందల సంఖ్యలో నరికించారు. నిషేధమంటే చెట్టు మీద కూడా కోపమే అన్న ఆలోచన అప్పటి నుండి నిలిచిపోయింది.

1938 అక్టోబరు ఒకటి

1937లో రాజాజీ మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. ఆ యేడే మద్యనిషేధ చట్టం చేసి అక్టోబరు 1న తన సొంత జిల్లా సేలంలో మొదలుపెట్టారు. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. మరుసటి యేడు ఉత్తర ఆర్కాటు. అప్పటికి కలికిరి వాయల్పాడు తాలూకాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుండి ఇటు వచ్చాయి. అటు ఉన్నా ఇటు ఉన్నా నిషేధం తప్పేది కాదన్నమాట.

మా ఇంటి పక్కన ఒక అవ్వ ఉండేది. నా చిన్నతనంలో ఆ రోజుల గురించి అడిగితే ఆమె చెప్పిన మాట నాకింకా గుర్తు. "మొగుడు పొద్దుగూకక ముందే ఇంటికొచ్చేది నేను ఆ యేడే చూస్తిని నాయనా. చేతిలో దుడ్డు గూడా ఉన్నింది." నిషేధం గురించి ఎన్ని నివేదికలు చదివినా ఈ మాటకు మించిన వాఙ్మూలం నాకు కనపడలేదు. తాగుడు మానినవారికి కాలక్షేపం ఉండాలని భజనలు, ఆటలు పెట్టించడం, గీతవాండ్లు తీపి రసంతో బెల్లం చేసుకోవాలని ప్రోత్సహించడం ఆనాటి ప్రయత్నంలో భాగమే.

రెండో పక్క కూడా చెప్పాలి. బెల్లం వండడానికి కట్టెలు కావాలి, పెనం కావాలి, కొనేవాడు కావాలి. ఇంటింటా చెరకుబెల్లం దొరికే సీమలో ఈతబెల్లానికి గిరాకీ ఎంత ఉంటుంది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కొన్ని మైళ్ళు పోతే మైసూరు సంస్థానం ఎల్ల. అక్కడ అప్పుడు నిషేధం లేదు. కాళ్ళలో సత్తువ ఉన్నవాడు ఎల్ల దాటేవాడు, లేనివాడు తుమ్మచెక్క, బెల్లం ఊరేసి దొంగసారా కాచేవాడు. కల్లు పోయిన చోట సారా మొలిచింది.

ఇంకొక విశేషం మన ఉద్యోగులకు నచ్చుతుంది. ఆబ్కారీ రాబడి పోయిన లోటు పూడ్చడానికి రాజాజీ ప్రభుత్వం 1939లో సాధారణ అమ్మకం పన్ను తెచ్చింది. దేశంలో అటువంటి పన్నుకు అదే మొదలు. ఈనాడు మనం మందుబిళ్ళకు కట్టే జీఎస్టీకి తాత ఆ పన్నే. కల్లంగడి మూసినందుకు ఉప్పు పప్పు అంగడి పన్ను కట్టడం మొదలుపెట్టింది.

ఒక్క ఓటుతో పడిన ప్రభుత్వం

యుద్ధకాలంలో మంత్రివర్గం లేని రోజుల్లో నిషేధం సడలింది. 1946లో ప్రకాశం పంతులుగారు ముఖ్యులుగా ఉన్నప్పుడు ఎనిమిది జిల్లాల్లో మళ్ళీ వచ్చింది. 1948 గాంధీ జయంతి నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ చట్టం కూడా పంపకంలో మనకు వచ్చింది.

ఉత్తరాంధ్ర నుండి గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపారు. నిషేధాన్ని పరిశీలించిన ఎస్.వి.రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయడమే మేలన్నది. ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. మంత్రివర్గం కూలిపోయింది. తుపాకీ గుండుకు రొమ్ము చూపిన ఆంధ్రకేసరి చివరకు కల్లుకుండ దగ్గర పదవి పోగొట్టుకున్నారు. చెట్టెక్కేవాడి కడుపును లెక్కలోకి తీసుకోని చట్టం ఎంత పెద్దవారినైనా దించగలదని ఆ రోజు తేలింది.

తిరిగి తెరిచిన తలుపులు

1968 ఎక్సైజు చట్టం తరువాత ఆంధ్ర ప్రాంతంలో అంగళ్ళు తెరిచారు. నేను ఉద్యోగంలో చేరింది ఆ కొత్తలోనే. మా వైపు కల్లంగడి ఎప్పుడూ ఊరి బయటే. ఈతాకు కప్పిన పాక, నాలుగు కుండలు, మట్టి ముంతలు, ఒక పక్క ఉలవగుగ్గిళ్ళు, వేయించిన శనక్కాయలు అమ్మే ఆడమనిషి. పొద్దున చెట్టు దిగిన కుండ పొద్దుగూకేలోగా ఖాళీ కావాలి, లేకపోతే పారబోయాలి. కాబట్టి అంగడి కూడా దీపాలు పెట్టే వేళకు సద్దుమణిగేది. అక్కడ వాన గురించి, ఎద్దుల ధర గురించి, పెండ్లి సంబంధాల గురించి మాటలు నడిచేవి. కొట్లాటలు జరగలేదని చెప్పను. కూలిదుడ్డంతా అక్కడే పోసి ఇంటికి వచ్చినవారూ ఉన్నారు. కాని ఒక ముంతకు ఒక గంట పట్టే చోటు అది.

ఆబ్కారీ సంవత్సరం అక్టోబరు 1న మొదలయ్యేది. అందుకే మన మద్యం చరిత్రలో ఆ తేదీ పదేపదే వస్తుంది. ఏటా వేలంలో పాట పెరుగుతూ వచ్చింది. పాట పెరిగితే అంగడివాడు నిలవ ఉండని కల్లును నమ్ముకోలేడు. 1980లలో "వారుణి వాహిని" పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో పంపింది. ప్యాకెట్టుకు చెట్టు అక్కర లేదు, పొద్దు లేదు. ఊరి బయటి నుండి ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

దానికి జవాబు చెప్పింది ఆడవాళ్ళు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకున్న స్త్రీలు సారా అంగడి మూయించారు. 1992 నాటికి జిల్లాలు దాటి వేలంపాటలు జరగనీయలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, ఆ యేడే అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరి 16న ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ నిషేధం అమలు చేసింది. 1997లో అది సడలిపోయింది. గుర్తించవలసింది ఏమంటే, ఆ ఆడవాళ్ళు మొదట కోపగించుకున్నది ఈతచెట్టు మీద కాదు, సారా ప్యాకెట్టు మీద.

ఇంగ్లండులో ఇటువంటి కథే

నిలవ ఉండని పానీయాన్ని నిలవ ఉండేది మింగేయడం మన ఒక్క సీమ కథే కాదు. మా అమ్మాయి కుటుంబం ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్నప్పుడు మేము చూడపోయినాము. మా అల్లుడు ఊరి నడిబొడ్డున బ్రిగేట్ అనే పెద్ద అంగళ్ళ వీధి నుండి ఒక సన్నటి సందులోకి తీసుకుపోయినాడు. అక్కడ వైట్‌లాక్స్ అనే పబ్బు ఉంది. 1715లో టర్క్స్ హెడ్ పేరుతో మొదలైనదట. పెద్ద అద్దాలు, ఇత్తడి పనితనం, రంగురంగుల పెంకులు. ముసలివారు, దంపతులు కూర్చొని భోజనం చేస్తూ నింపాదిగా తాగుతున్నారు. కౌంటరు మీద నిలువు పిడిని బోరింగు కొట్టినట్లు లాగితే కింద సెల్లారులోని పీపాలో నుండి బీరు పైకి వచ్చింది. చల్లగా లేదు, నురగ తక్కువ, కొంచెం చేదు. సగం గ్లాసుతో నేను సరిపెట్టుకున్నాను.

దాన్ని రియల్ ఏల్ అంటారు. వడపోసి, వేడి చేసి ఈస్టును చంపిన బీరు కాదు. పీపాలో కూడా పులుస్తూనే ఉంటుంది. పీపా తెరిచిన కొద్ది రోజుల్లో తాగేయకపోతే చెడిపోతుంది. 1960లలో పెద్ద కంపెనీలు దీన్ని పక్కకు నెట్టి, గ్యాసు ఎక్కించిన నిలవ బీరును అంతటా దింపాయి. 1971లో నలుగురు మిత్రులు కామ్రా అనే సంఘం పెట్టి, పాత ఏల్‌ను, పాత పబ్బులను కాపాడాలని ఉద్యమం నడిపారు. లక్ష మందికి పైగా సభ్యులైనారు. ఏల్ బతికింది.

వారికీ మనకూ తేడా ఎక్కడ? వారి పబ్బు ఊరి నడుమ, పదిమంది కళ్ళ ముందు ఉంది. ఆడవాళ్ళూ పోతారు. మనది ఊరి బయట, తలవంచుకొని పోయే చోటు. వారికి తాగేవారి సంఘం ఉంది. మనకు పాడుకునేవాడూ, పన్ను వసూలు చేసేవాడూ తప్ప కల్లు బాగోగులు అడిగేవాడు లేడు. అందుకే ఇక్కడ కల్తీ పెరిగింది. చెట్లు తగ్గినా కల్లు తగ్గలేదంటే అర్థం ఏమి? క్లోరల్ హైడ్రేటు, డైజిపాం కలిపిన తెల్లనీళ్ళు కల్లు పేరుతో జనం నరాలను తిన్నాయి. అది కల్లు కాదు, విషం.

చెట్టెక్కేవాడి మాట

చివరగా ఒక సంగతి. నేను పనిచేసిన ఒక ఆఫీసుకు చెట్టు మీద నుండి పడి నడుము విరిగిన ఒక గీతకార్మికుని ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు వచ్చింది. డాక్టరు సర్టిఫికెట్టు, పంచనామా, లైసెన్సు నకలు అన్నీ జతపరిచి పైకి పంపినాము. పై ఆఫీసు నుండి మూడు సార్లు కొర్రీలతో తిరిగి వచ్చింది. పడిన చెట్టు నంబరు రాయలేదని ఒకసారి, లైసెన్సు గడువు తేదీ కనపడలేదని ఒకసారి, మూడోసారి కారణమే అర్థం కాలేదు. మూడు సార్లూ జవాబు రాసి పంపినాము. మంజూరు వచ్చే నాటికి ఆయన భార్య సంతకం పెట్టి తీసుకుంది. వేలంపాట సొమ్ము ఒక్కరోజు ఆలస్యమైనా ఊరుకోని యంత్రాంగం, చెట్టు దిగలేకపోయినవాని కోసం రెండేండ్లు తీసుకుంది.

2019 అక్టోబరు 1 నుండి మద్యం అంగళ్ళను ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు వారికి ఇచ్చారు. ఈ వాదాల్లో ఎక్కడా కల్లు మాట పెద్దగా వినపడలేదు. ఈతచెట్లు మాత్రం వంకలు పూడి, గట్లు చదునై, ఏటేటా తగ్గిపోతున్నాయి.

నా అభిప్రాయం ఇది. ఇల్లు కూల్చే తాగుడును ఆపమన్న ఆడవారి మాట ఎప్పటికీ న్యాయమైనదే. కాని కల్లునూ సారానూ ఒకే గాటన కట్టిన ప్రతిసారీ మెత్తటిది పోయి ఘాటైనది మిగిలింది. చెట్టెక్కేవాడు వీధిన పడ్డాడు. మిగిలిన ఈతచెట్లను కాపాడడం, తెల్లవారుజామున సున్నపు కుండలో దించిన నీరాను శుభ్రంగా అమ్ముకునే వసతి గీతవాండ్లకు కల్పించడం, కల్తీ చేసినవాడిని కఠినంగా శిక్షించడం, ఈ మూడూ జరిగితే చాలు.

సంఘం సభ్యుల్లో ఎక్సైజు, రెవెన్యూ శాఖల్లో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. చెట్టు పన్ను రోజులు, వేలంపాటల రోజులు, నిషేధం రోజులు కళ్ళారా చూసినవారు, పెద్దల నోట విన్నవారు తమ జ్ఞాపకాలను తరువాతి సంచికలకు రాసి పంపాలని కోరుతున్నాను. మనతోపాటు ఈ ఫైలు మూతపడకూడదు.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, కలికిరి