డబ్ల్యూఎల్ఎం గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక

డబ్ల్యూఎల్ఎం మనకు సుమారు 30 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో, సీటస్ నక్షత్ర మండలంలో కనిపించే మరుగుజ్జు గెలాక్సీ. 1909లో మాక్స్ వోల్ఫ్ దీన్ని గుర్తించాడు. ఇది వేరే గెలాక్సీ అని 1926లో లండ్‌మార్క్, మెలోట్ తేల్చారు. ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలే దీని పేరయ్యాయి.

హైదరాబాద్ దగ్గర గండిపేట అవతల ఉన్న మొయినాబాద్‌లో నవంబరు మూడో వారం రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఇది దక్షిణాన దాదాపు 57 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కానీ కంటికి ఆనదు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ హైదరాబాద్‌లో నెలకొల్పిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం ఆకాశ అక్షాంశాల్లో −17 నుంచి −23 డిగ్రీల మధ్య భాగాన్ని ఫొటోలు తీసింది. డబ్ల్యూఎల్ఎం ఉన్నది −15.5 దగ్గర, కొద్దిలో తప్పిపోయింది. చిక్కినా ఆనాటి ఫొటో పలకల మీద దాని చరిత్ర చదవడం అయ్యేపని కాదు.

ఆ చరిత్ర చదవాలంటే నక్షత్రాలను ఒక్కొక్కటిగా విడదీసి, వాటి రంగునూ వెలుగునూ గ్రాఫు మీద పెట్టాలి. బరువైన నీలి నక్షత్రాలు త్వరగా ఆరిపోతాయి కాబట్టి, అవి కనిపించిన చోట పుట్టుక ఇటీవలిదే. పాత తరాల వయసు తెలిసేది మాత్రం చాలా మసకగా ఉండే, సూర్యుడి కంటే చిన్న నక్షత్రాల వల్ల. జేమ్స్ వెబ్ టెలిస్కోపు వాటినీ పట్టుకుంది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, విశ్వం తొలినాళ్లలోనే ఇక్కడ నక్షత్రాల పుట్టుక మొదలైంది, తర్వాత చాలాకాలం ఆగింది, మళ్లీ మొదలైంది. తొలి నక్షత్రాల కాంతికి విశ్వమంతా వాయువు వేడెక్కడం ఆ విరామానికి కారణం కావచ్చు. ఇంత చిన్న గెలాక్సీకి వేడి వాయువును గుప్పిట పట్టే బలం చాలదు. పెద్ద గెలాక్సీలకు దూరంగా ఒంటరిగా ఉంది గనుక, ఈ ఒడిదుడుకులను పొరుగువారి మీదికి నెట్టడం కష్టం. డబ్ల్యూఎల్ఎం అసలు విలువంతా అక్కడే ఉంది.

ఇటీవలి అధ్యాయాన్ని చెప్పింది మన ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఈ ఉపగ్రహంలోని అతినీలలోహిత టెలిస్కోపుతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. 17,500 కెల్విన్లు దాటిన వేడి నక్షత్రాల గుంపులు అందులో బయటపడ్డాయి. నైరుతి భాగంలో పుట్టుక జోరుగా ఉంది. అక్కడ హైడ్రోజన్ వాయువు పలచబడింది కూడా. మొత్తం గెలాక్సీలో ఏడాదికి సూర్యుడి ద్రవ్యరాశిలో 0.008 వంతు వాయువు నక్షత్రాలుగా మారుతోంది. అంటే ఒక సూర్యుడికి సరిపడా పదార్థానికి 125 ఏళ్లు.