పొగమంచు వేళ కెలవరపల్లి జలాశయం దగ్గర పక్షులను చూడటం ఎలా?

కార్తీకం వచ్చిందంటే మన హోసూరు వైపు తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటుంది. ఈ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. గాలి కదలకపోతే, తేమ సన్నని బిందువులై నీటి మీద, గట్టు మీద నిలిచిపోతుంది. ఎండ ఎక్కేకొద్దీ అది విడిపోతుంది. కాబట్టి పిల్లలూ, "ఏమీ కనపడటం లేదు సార్" అని వెనక్కి వచ్చేయకండి.

ముందు చెవి, తర్వాత కన్ను

ఒకచోట కదలకుండా పది నిమిషాలు కూర్చోండి. మొదట వినిపించేది తరచుగా తీతువే. అది అరిస్తే అశుభమని పెద్దలు అంటుంటారు. నిజానికి అది నేల మీదే గుడ్లు పెడుతుంది. ఎవరైనా దగ్గరికి వస్తే గోల చేసి తోటి పక్షులను హెచ్చరిస్తుంది. తీతువు అన్న పేరు, సంస్కృతంలో టిట్టిభం అన్న పేరు, రెండూ ఆ అరుపులోంచి వచ్చినవే.

మంచు పలచబడ్డాక ఇవి చూడండి:

బొల్లికోడి: ఒళ్ళంతా నలుపు, నుదుట తెల్లమచ్చ. గుంపులుగా ఈదుతుంది.

మునుగుడుకోడి: చిన్నది. చూస్తుండగానే మునిగి ఇంకోచోట తేలుతుంది. లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త!

నారాయణపక్షి: బూడిదరంగు పెద్ద కొంగ. నీటి అంచున కదలకుండా నిలబడుతుంది.

నీటికాకి: దీని ఈకలు నీళ్ళలో తడుస్తాయి. అందుకే ఎండ రాగానే రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది.

లకుముకి: నలుపు తెలుపు రకమైతే నీటిపైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, చేప కోసం నిలువునా దూకుతుంది.

ఈ కాలంలో ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతల నుంచి కూడా వలస పక్షులు వస్తాయి. అంత దూరం ఎగిరి వచ్చినవాటికి విశ్రాంతి కావాలి. రాళ్ళు వేసి లేపకండి.

నోటు పుస్తకంలో ఏం రాయాలి?

తేదీ, సమయం, మంచు ఎప్పుడు విడిపోయింది, ఏ పక్షి, ఎన్ని. సరిగా లెక్క తేలకపోతే "సుమారు" అని రాయండి. చూడనిది, విననిది రాయవద్దు. చివర ఒక గడి ఖాళీగా ఉంచి, ఇంటికి వెళ్ళి అవ్వనో తాతనో అడగండి: "దీన్ని మన ఇంట్లో ఏమంటారు?" ఇంగ్లీషు పేరు ఎప్పుడైనా పుస్తకంలో దొరుకుతుంది. అవ్వ నోట ఉన్న పేరు మీరు రాసుకోకపోతే అవ్వతోనే పోతుంది.

తల్లిదండ్రులకు

పిల్లలను ఒంటరిగా పంపకండి. మంచులో గట్టు జారుతుంది, నీటి అంచు కనపడదు. దక్షిణ పినాకిని నంది కొండల్లో పుట్టి, బెంగళూరు శివార్ల మురుగును కూడా మోసుకుంటూ ఈ జలాశయానికి చేరుతుంది. నీటి మీద తెల్లని నురగ కనిపిస్తే పిల్లలను తాకనివ్వకండి. అదీ నోటు పుస్తకంలో రాయించండి. పక్షులు తాగేదీ ఆ నీళ్ళే కదా.

నవంబరు 12 పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు. ఆయన 1896లో పుట్టారు. ఆ రోజుకల్లా ఒక్క ఉదయమైనా చూసి రండి. పుస్తకాలు తెచ్చి నాకు చూపించండి. మీ ఇంటి పేర్లన్నీ బడి గోడ మీద రాయిద్దాం.