జామినీ రాయ్

జామినీ రాయ్ (ఏప్రిల్ 11, 1887 - ఏప్రిల్ 24, 1972) బెంగాల్‌కు చెందిన ప్రముఖ చిత్రకారుడు. ఆధునిక భారతీయ చిత్రకళలో పల్లెజీవితాన్ని చిత్రించినవారు అనేకులు. ఇతడు పల్లె చిత్రకారుల గీతను, రంగులను, చివరకు వారి పని పద్ధతిని కూడా స్వీకరించాడు.

తొలి జీవితం

బంకురా జిల్లాలోని బేలియాతోడ్ గ్రామంలో జన్మించాడు. 1903 ప్రాంతంలో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరాడు. ఇతడు అక్కడ చదువుకున్న కాలంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ ఆ పాఠశాల ఉపప్రధానాచార్యుడు అయ్యాడు. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొంది, తైలవర్ణాలతో రూపచిత్రాలు గీసి జీవనం సాగించాడు.

జానపద శైలి

1920 దశకంలో ఆ పద్ధతిని విడిచిపెట్టాడు. మొదట ఇతనిని ఆకర్షించినవి కాళీఘాట్ పటాలు. కలకత్తా కాళికాలయం వద్ద యాత్రికులకు అమ్మడానికి పటువాలు అనే చిత్రకారులు 19వ శతాబ్దంలో వీటిని గీసేవారు. అచ్చుబొమ్మలు చౌకగా వచ్చాక ఆ కళ క్షీణించింది. అయితే ఆ పటాలలో నగర వాసన చేరిందని భావించిన జామినీ రాయ్, తన స్వంత జిల్లాలోని గ్రామీణ పటాల వైపు, విష్ణుపురం ఆలయాల మట్టిఫలకాల వైపు మరలాడు. సంతాలు నర్తకులు, తల్లీబిడ్డలు, బావుల గాయకులు, రామాయణ గాథలు, కృష్ణలీలలు, పిల్లులు ఇతని చిత్రాలలో తరచు కనిపిస్తాయి. క్రీస్తు జీవితాన్ని సైతం ఇదే శైలిలో చిత్రించాడు. బాదంగింజ ఆకారంలోని పెద్ద కళ్ళు, తెగని మందపు గీత, నీడలు లేని చదునైన రంగులు ఈ శైలికి గుర్తులు.

రంగులు, పని పద్ధతి

కావి ఎరుపు, పసుపుమన్ను, సింధూరం, ఆకుపచ్చ, నీలం, బూడిదరంగు, తెలుపు - ఈ ఏడు రంగులే ఎక్కువగా వాడేవాడు. నలుపు గీతకు దీపపు మసి, రంగు పట్టడానికి చింతగింజల జిగురు ఉపయోగించేవాడు. (తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు కూడా చింతగింజల జిగురును వాడుతారు.) కాన్వాసుకు బదులు గుడ్డ, చాప, చెక్క వంటివాటిపై గీసేవాడు.

పటువాల ఇళ్ళలో ఒకే బొమ్మను కుటుంబమంతా కలిసి అనేకసార్లు గీయడం ఆచారం. జామినీ రాయ్ ఇల్లు కూడా అటువంటి కార్ఖానాగా మారింది. కుమారుడు అమియ రాయ్ మొదలైనవారు అందులో పాలుపంచుకున్నారు. సామాన్యులు కొనగలగాలనే ఉద్దేశంతో చిత్రాలను తక్కువ ధరకే అమ్మేవాడు. చిత్రం ఒక్కటే ఉండాలి, ఒక్కరే గీయాలి అనే ఆధునిక కళావిపణి నియమానికి ఇది విరుద్ధం. అందువలన ఈనాడు ఏది స్వయంగా గీసినది, ఏది కుటుంబసభ్యులు గీసినది, ఏది ఇతరులు చేసిన నకలు అని తేల్చడం కష్టమవుతున్నది. సంతకం ఉన్నంత మాత్రాన నిర్ధారణ కాదు. చౌకగా ఇవ్వాలనుకున్న బొమ్మలే ఇప్పుడు వేలంపాటలలో భారీ ధరలు పలుకుతున్నాయి.

పురస్కారాలు

1954లో పద్మభూషణ్, 1955లో లలిత కళా అకాడమీ సభ్యత్వ గౌరవం (ఫెలోషిప్) లభించాయి. 1976లో భారత ప్రభుత్వం ఇతని చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించింది. నాటి నుండి వాటిని దేశం వెలుపలికి విక్రయానికి తరలించరాదు. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో ఇతని చిత్రాలున్నాయి.