ఒకసారి అమ్మవారు పోస్తే

బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో మశూచి సోకితే అమ్మవారు పోసిందనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ముఖాన స్ఫోటకపు మచ్చలున్నవాళ్లు మాత్రం జంకు లేకుండా రోగి పక్కన కూర్చునేవారు. ఒకసారి పోస్తే మళ్లీ పోయదన్నది వాళ్ల ధీమా. దాన్ని మూఢనమ్మకాల లెక్కలో కట్టేయడం అన్యాయం. ఒంటికి రోగం గుర్తుంటుందన్న సంగతిని మన పల్లెలు పట్టుకున్నది అక్కడే.

అలాంటి ఎరుకనే 1796లో ఇంగ్లండ్‌లో జెన్నర్ అనే వైద్యుడు వైద్యంగా మలిచాడు. గోమశూచి రసం ఎక్కించిన పిల్లవాడికి తర్వాత మశూచి రసం ఎక్కించినా జబ్బు రాలేదు. ఆ టీకా 1802లో బొంబాయి చేరి, అక్కణ్ణుంచి మద్రాసుకు వచ్చింది. బందరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1899లో మద్రాసులోని గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది ప్రధానంగా ఈ టీకా మందు తయారీకే.

జ్ఞాపకం ఎన్నాళ్లుంటుంది? 1846లో ఫారో దీవుల్లో తట్టు చెలరేగినప్పుడు, 1781లో అది వచ్చి తగ్గిన ముసలివాళ్ల జోలికి మళ్లీ రాలేదని పానుమ్ అనే డేనిష్ వైద్యుడు రాశాడు. 65 ఏళ్లు! అంతకాలం ఆ జ్ఞాపకం ఒంట్లో ఎక్కడుందో మాత్రం చాలాకాలం తేలలేదు. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు కొద్ది రోజులే బతుకుతాయని అనుకునేవారు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అమెరికాలో స్థిరపడిన రఫీ అహ్మద్, తన సహచరుడు మార్క్ స్లిఫ్కా తదితరులతో కలిసి 1998లో ఆ మాట తప్పని ఎలుకల్లో నిరూపించాడు. కొన్ని ప్లాస్మా కణాలు ఎముకల మూలుగలో చేరి, దీర్ఘకాలం యాంటీబాడీలు తయారుచేస్తూనే ఉంటాయి. 2003లో ఆయన బృందమే, మశూచి టీకా పడి 50 ఏళ్లు దాటినవాళ్ల రక్తంలో దాన్ని గుర్తుపట్టే జ్ఞాపక బి కణాలను చూపింది. లోకంలో మశూచే లేదు, గుర్తుచేసేవాళ్లెవరూ లేరు. అయినా ఒళ్లు మరచిపోలేదు. నాకు ఈ చరిత్రంతటిలోకీ అబ్బురమనిపించేది ఇదే.

మన దేశం మశూచి నుంచి విముక్తమైందని 1977 ఏప్రిల్‌లో ప్రకటించారు. అదే ఏడాది నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. నీళ్లు పాడైన చోట భయం కలరాదే. అప్పట్లో దానికి వేసే ఇంజెక్షన్ రక్షణ కొద్ది నెలలే, అదీ అందరికీ కాదు. ఈ తేడాకు కారణం ఉంది. మశూచి పైకి తేలడానికి దాదాపు 12 రోజులు పడుతుంది కాబట్టి జ్ఞాపక కణాలు మేలుకుని పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. కలరా గంటల్లోనే పడగొట్టగలదు, పైగా అది పేగు దాటి లోపలికి పోదు. కాపలా పేగులోనే ముందుగా ఉండాలి. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి, 2009లో అనుమతి పొందిన షాంకాల్ టీకాను సూదితో కాక నోటితో ఇచ్చింది అందుకే.