విత్తనానికి పొడి, బాక్టీరియాకు తడి

ధరణికోట చుట్టుపక్కల నల్లరేగళ్లలో విత్తనానికి పూత పెట్టడం పాత అలవాటే. కంపెనీ ప్యాకెట్లు రాకముందు పత్తిగింజల నూగు అణిగి, ఒకదానికొకటి అంటుకోకుండా ఉండేందుకు పేడనీళ్లతో రుద్ది ఆరబెట్టి విత్తేవారు. కొన్ని గింజలకు పేడ పూయాలని అర్థశాస్త్రంలోనూ ఉంది. పేడతోపాటు సూక్ష్మజీవులు కూడా గింజకు అంటుతున్నాయని అప్పట్లో ఎవరికీ తెలియదు.

పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ తేల్చారు. రెండేళ్లకు హాలండ్‌లో బైయెరింక్ ఆ బుడిపెల్లోని బాక్టీరియాను విడదీశాడు. 1896లో నోబె, హిల్ట్‌నర్ దాన్ని ‘నైట్రాజిన్’గా పేటెంటు చేశారు. ఈ నోబె 1869లోనే థారాంట్‌లో ప్రపంచంలో మొట్టమొదటి విత్తన పరీక్షా కేంద్రం తెరిచినవాడు. మొలకశక్తిని కొలవడం నేర్పిన మనిషే గింజకు బాక్టీరియా పట్టించే దారీ వేశాడు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే.

ఎందుకంటే చిక్కంతా ఆ రెంటి మధ్యే ఉంది. మినుము విత్తనంలో తేమ 9 శాతం మించకూడదు, మొలక 75 శాతానికి తగ్గకూడదు. వేరుబుడిపెల బాక్టీరియా అయిన రైజోబియం బతకాలంటే తడి కావాలి. ముందుగానే పట్టించి నిల్వ పెడితే గింజో, బాక్టీరియానో, ఒక్కోసారి రెండూ చెడతాయి. అందుకే మన వ్యవసాయ శాస్త్రవేత్తలు విత్తేముందే పట్టించమంటారు: 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లార్చి, 8 కిలోల గింజలపై చల్లి, 200 గ్రాముల రైజోబియం కలిపి నీడన ఆరబెట్టాలి. తెగుళ్ల మందు, పురుగుమందు ముందు, రైజోబియం చివర. వేరుశనగ గింజపై పొర పలుచన, గట్టిగా కలిపితే ఊడిపోతుంది. మందు పట్టించిన గింజపై బాక్టీరియా నిలవడమూ కష్టమే. ఆ పంటకు గింజను వదిలి, సాలులోనే బాక్టీరియాను వేసే పద్ధతులు వచ్చాయి.

రైజోబియం వంటి జీవన ఎరువులకు 2006లో చట్టబద్ధమైన ప్రమాణాలు వచ్చాయి. పొడి ఎరువైతే గ్రాముకు 5 కోట్ల సజీవ కణాలుండాలి. రెంటచింతల ఎండలున్న ఈ సీమలో, రేకుల షెడ్డులో పడేసిన ప్యాకెట్టు ఆ లెక్క నిలుపుకోవడం కష్టం.

2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రోత్సహిస్తున్న ప్రకృతి సేద్యంలో పేడ, గోమూత్రం, సున్నం, గట్టుమట్టి కలిపిన బీజామృతంతో పూత మళ్లీ వచ్చింది. చౌకైనది, ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ అందులో ఏ సూక్ష్మజీవి ఎంత ఉందో ప్రతిసారీ మారుతుంది. మినుము తొలిసారి వేసే చేలో దానిమీదే భరోసా పెట్టుకోకుండా తాజా రైజోబియం కూడా పట్టించడం మేలంటాను. అంతకన్నా ముందు, తడిగోనెలో 100 గింజలు మొలకెత్తించి చూడాలి.